అవిసె గింజల చరిత్ర: మన చేను నుంచి ప్యాకెట్ దాకా

ఇప్పుడు పట్టణంలో ఏ సూపర్ మార్కెట్‌కు వెళ్లినా గోధుమరంగులో నిగనిగలాడే చిన్న గింజల ప్యాకెట్లు కనిపిస్తాయి. వాటి మీద 'ఫ్లాక్స్ సీడ్స్' అని పెద్ద అక్షరాలు, గుండె బొమ్మ, 'ఒమేగా-3' అనే మాట ఉంటాయి. కొనేవాళ్లలో చాలామంది ఇదేదో విదేశీ గింజ అనుకుంటారు. మన పిల్లలు కూడా అలాగే అనుకుంటున్నారు.

ఇవి అవిసె గింజలు. మరాఠీ మాట కలిసిన ఆదిలాబాద్ వైపు జవస్ అంటారు. హిందీ మాట్లాడేచోట అల్సి అనీ తీసీ అనీ అంటారు. గోదావరికి ఉత్తరాన, వార్ధా, పెన్‌గంగ నదుల పక్కన ఉన్న నల్లరేగడి నేలల్లో ఇది పాత యాసంగి పంట. ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, జార్ఖండ్, విదర్భ ప్రాంతాల్లో ఆదివాసీ రైతులు ఇప్పటికీ పండిస్తున్నారు. మరి మన పక్క చేలల్లో పండిన గింజ మనకే కొత్తదిగా ఎలా మారింది? దీనికి జవాబు ఆ గింజ చరిత్రలోనే ఉంది. ఆ చరిత్ర తెలిస్తే గింజను ఎలా వాడుకోవాలో, ఎవరి మాట ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది.

పేర్ల తికమక

ముందు పేరు సంగతి తేల్చుకోవాలి. తెలుగులో అవిసె అనే మాట రెండు వేర్వేరు మొక్కలకు ఉంది. పెరట్లో పెంచి, ఆకునూ తెల్లని పెద్ద పూలనూ కూర వండుకునే అవిసె చెట్టు వేరు. అది చిక్కుడు జాతికి చెందిన చెట్టు. మనం మాట్లాడుతున్న అవిసె మోకాలి ఎత్తు పెరిగే, ఒక్క పంటకాలం బతికే చిన్న మొక్క. ఆకులు సన్నగా ఉంటాయి, పూలు నీలంగా ఉంటాయి. పొద్దున విచ్చుకున్న పువ్వు మధ్యాహ్నానికల్లా రాలిపోతుంది. చిన్న గుండ్రటి కాయలో ఐదు గదులుంటాయి. గదికి రెండు చొప్పున కాయకు పది గింజల దాకా ఉంటాయి.

మూడో తికమక విశాఖ మన్యం వైపు వస్తుంది. పాడేరు, అరకు ప్రాంతాల ఆదివాసీలు పండించేవి వలిసెలు. వాటినే వెర్రి నువ్వులు అని కూడా అంటారు. పసుపు పూలు పూసే ఆ మొక్క పొద్దుతిరుగుడు కుటుంబానిది. దాని పుట్టిల్లు ఆఫ్రికాలోని ఇథియోపియా కొండలు. వలిసె నూనె మంచి వంటనూనె, అయితే అందులోని కొవ్వు వేరు రకం. అవిసె గురించి చెప్పిన గుణాలను వలిసెకు అంటగట్టకూడదు. ఉపాధ్యాయులు వీలైతే మూడింటినీ పక్కపక్కన పెట్టి పిల్లలకు చూపించాలి.

వేల ఏళ్ల ప్రయాణం

అవిసె మనిషి సాగుచేసిన తొలి పంటల్లో ఒకటి. పశ్చిమాసియాలో గోధుమ, బార్లీ, మసూర్ పప్పు లాంటి పప్పు ధాన్యాలతో పాటు దీన్నీ మచ్చిక చేసుకున్నారు. అంతకు ఎంతో ముందే అడవి అవిసె నారతో దారాలు పేనారు. జార్జియా దేశంలోని జుజువానా గుహలో 30 వేల ఏళ్లకు పైబడిన అవిసె పోగులు దొరికాయని 2009లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అప్పటికి ప్రపంచంలో ఎక్కడా సేద్యం లేదు. అడవిలో తిరుగుతూ వేటాడి, ఏరుకుని బతికిన మనుషులే మొక్క కాడలో నార ఉందని గుర్తించారు. అడవి మీద బతికేవాళ్లకు విద్య లేదని అనేవారికి ఈ ఒక్క విషయం చెబితే చాలు.

ఈజిప్టులో మమ్మీలకు చుట్టిన గుడ్డ అవిసె నారతో నేసిందే. ఇంగ్లీషులో లినెన్ అనే బట్ట ఇదే. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ ఈ మొక్కకు 'లైనమ్ యుసిటాటిసిమమ్' అని పేరు పెట్టాడు. రెండో మాటకు 'ఎంతో ఉపయోగపడేది' అని అర్థం.

మన దేశంలోకీ ఇది చాలా ముందే వచ్చింది. మధ్యప్రదేశ్‌లో నర్మద ఒడ్డున ఉన్న నావ్డాటోలిలో 1950లలో తవ్వకాలు జరిగాయి. అక్కడ దాదాపు మూడున్నర వేల ఏళ్ల నాటి గోధుమలు, పప్పులతో పాటు అవిసె గింజలు కూడా దొరికాయి. సంస్కృతంలో దీనికి అతసి, ఉమ, క్షుమ అనే పేర్లున్నాయి. పాణిని వ్యాకరణంలో నువ్వుల చేను, మినుముల చేను అనే మాటలు ఎలా ఏర్పడతాయో చెప్పే సూత్రంలో ఉమ కూడా ఉంది. అంటే అవిసె చేనుకు ప్రత్యేకంగా ఒక మాట అవసరమయ్యేంతగా అప్పటికే ఆ పంట ఉండేది. బౌద్ధ భిక్షువులు కట్టుకోదగిన ఆరు రకాల బట్టల్లో క్షౌమం, అంటే అవిసె నార బట్ట, ఒకటి.

అయితే మన దేశంలో పత్తి బలంగా ఉండటంతో నారకోసం అవిసె పెంచడం క్రమంగా వెనకబడింది. ఇక్కడ గింజకోసం, నూనెకోసం పెంచారు. రైతులు తరతరాలుగా గింజ ఎక్కువ కాసే రకాలనే విత్తనానికి దాచుకోవడంతో మన అవిసె పొట్టిగా, కొమ్మలు ఎక్కువగా ఉండే మొక్కగా స్థిరపడింది. ఐరోపాలో నారకోసం పెంచే రకం పొడవుగా, దాదాపు కొమ్మలు లేకుండా ఉంటుంది. ఒకే మొక్కను ఏ అవసరానికి పెంచామో అలా అది మారింది. విత్తనం ఎంచుకునే చేతికి ఉన్న శక్తి అది.

ఓడలెక్కిన గింజ

అవిసె నూనెకు మిగతా వంటనూనెలకు లేని గుణం ఒకటి ఉంది. గాలి తగిలితే అది గట్టిపడి సన్నని పొరలా మారుతుంది. అందుకే దీన్ని ఆరే నూనె అంటారు. ఐరోపాలో చిత్రకారులు వందల ఏళ్లు రంగులను ఈ నూనెలోనే కలుపుకున్నారు. పందొమ్మిదో శతాబ్దంలో ఫ్యాక్టరీలు, ఓడలు, రైలు పెట్టెలు, వంతెనలు పెరిగాయి. వాటన్నిటికీ పెయింట్ కావాలి, వార్నిష్ కావాలి. అచ్చు యంత్రాలకు సిరా కావాలి. కిటికీ అద్దాలు బిగించే పుట్టీకి సుద్దపొడిలో కలపడానికి ఇదే నూనె కావాలి. 1860లలో ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ వాల్టన్ ఈ నూనెతోనే లినోలియం అనే నేలపరుపు తయారు చేశాడు.

అంత నూనె గింజ ఎక్కడినుంచి రావాలి? మొదట ఎక్కువగా రష్యా నుంచి వచ్చేది. 1830ల నుంచి మన దేశపు గింజ ఓడలెక్కడం మొదలైంది. 1853 నుంచి 1856 వరకు సాగిన క్రిమియా యుద్ధంలో బ్రిటన్, రష్యా ఒకదానితో ఒకటి పోరాడాయి. రష్యా సరుకు అడ్డుపడటంతో మన గింజకు గిరాకీ పెరిగింది. 1867లో బొంబాయి నుంచి రైలు నాగ్‌పూర్ చేరింది. ఆదివాసీ ఊళ్లు నిండిన మధ్య పరగణాల అవిసె అక్కడినుంచి బొంబాయి రేవుకు, రేవునుంచి ఇంగ్లండ్‌లోని హల్ లాంటి పట్టణాల నూనె మిల్లులకు వెళ్లింది. పందొమ్మిదో శతాబ్దం చివరికి ప్రపంచానికి అవిసె గింజ అమ్మే పెద్ద దేశాల్లో మనది ఒకటైంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. మన దగ్గరనుంచి వెళ్లింది నూనె కాదు, గింజ. గింజలో పది పాళ్లకు నాలుగు పాళ్లే నూనె. నూనె తీయగా మిగిలిన చెక్క పశువులకు బలమైన దాణా. ఆ పశువుల పేడ పొలానికి ఎరువు. గింజ మొత్తంగా పోవడంతో నూనె తీసే పని, పశువు దాణా, పొలం ఎరువు మూడూ దానితోపాటే పోయాయి. ఇంగ్లండ్ పశువులు మన చెక్క తిన్నాయి. భారత వ్యవసాయాన్ని పరిశీలించడానికి బ్రిటిష్ ప్రభుత్వమే పంపిన జాన్ అగస్టస్ వోల్కర్ అనే రసాయన శాస్త్రవేత్త కూడా 1893 నాటి తన నివేదికలో నూనెగింజల ఎగుమతివల్ల నేల సారం తరలిపోతున్న సంగతిని ఎత్తిచూపాడు.

పండించిన రైతుకు ఇవేవీ తెలియవు. తన గింజ ఓడకు రంగవుతోందని అతనికి ఎవరూ చెప్పలేదు. సంతలో సావుకారు చెప్పినదే ధర.

మన నేలమీద

హైదరాబాద్ సంస్థానంలోని నల్లరేగడి జిల్లాల్లో అవిసె యాసంగి పంట. వానాకాలపు తేమను పట్టుకుని ఉండే నేలలో జొన్న, సెనగ, గోధుమలతో పాటు దీన్నీ వేసేవారు. నీటి తడి అక్కర్లేదు. అక్టోబరు, నవంబరులో చల్లితే నాలుగు నెలల్లో చేతికొస్తుంది. చెట్టు మీద చేదు ఉండటంతో పశువులు అంతగా ముట్టవు కాబట్టి కంచె బాధ తక్కువ.

ఛత్తీస్‌గఢ్‌లో ఉతేరా అనే పద్ధతి ఇప్పటికీ ఉంది. వరి కోతకు కొద్దిరోజుల ముందు, మడిలో తడి ఉండగానే, నిలబడి ఉన్న వరిలో అవిసె గింజలు చల్లుతారు. వరి కోసేనాటికి అవి మొలకెత్తి ఉంటాయి. దున్నే పని లేదు, నీళ్లు పెట్టే పని లేదు. ఇప్పుడు వ్యవసాయ శాస్త్రవేత్తలు దున్నకుండా సాగు చేయడం గురించి మాట్లాడుతున్నారు. ఎడ్లు, నీళ్లు తక్కువ ఉన్న చిన్న రైతులు ఆ పనిని ఎప్పటినుంచో చేస్తున్నారు.

మన ఆదిలాబాద్ వైపు చరిత్రలో అవిసెను విడిగా చూడలేం. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడైన తర్వాత, గోండుల, కోలాముల స్థితిగతులు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్‌ను నియమించింది. మార్లవాయిలో ఉండి ఆయన రాసిన వాటిలో భూములు చేజారిన తీరు, అప్పుల చిక్కు, సావుకార్ల పట్టు వివరంగా ఉన్నాయి. 1920ల చివరికి కాజీపేట, బల్లార్షా మధ్య రైలు మార్గం వచ్చింది. దాంతో బయటి వ్యాపారం మరింత లోపలికి వచ్చింది. పత్తి, నువ్వులు, అవిసె లాంటి అమ్ముడయ్యే పంటలన్నీ అప్పు తీర్చే పంటలుగా మారాయి. తూకం సావుకారిది, లెక్క రాసే పుస్తకం సావుకారిది. చదువు లేకపోవడం ఎంత నష్టమో ఆ తరం అనుభవించింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలు కావడం వెనుక ఈ బాధ ఉంది.

తర్వాత కాలం మారింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పెయింట్లలోకి కృత్రిమ రసాయనాలు వచ్చాయి. లినోలియం స్థానంలో ప్లాస్టిక్ పరుపులు వచ్చాయి. అవిసె నూనెకు గిరాకీ పడిపోయింది. 1970ల ప్రాంతంలో దేశంలో సుమారు 20 లక్షల హెక్టార్లలో ఉన్న అవిసె సాగు, ఇప్పుడు దానిలో ఐదో వంతు కూడా లేదు. మన దగ్గర పత్తి, సోయా ఆ చేలల్లోకి వచ్చాయి. పంట పోతే వంట కూడా పోతుంది. అవిసె పొడి దంచడం తెలిసిన చేతులు ఒక్కొక్క ఇంట్లో తగ్గిపోయాయి. సరిగ్గా అప్పుడే గింజ కొత్త పేరుతో, పెద్ద ధరతో ప్యాకెట్లో తిరిగి వచ్చింది.

గింజలో ఏముంది?

ఆ ప్యాకెట్ మీద రాసింది అంతా అబద్ధం కాదు. 100 గ్రాముల అవిసె గింజల్లో సుమారు 42 గ్రాముల కొవ్వు, 18 గ్రాముల మాంసకృత్తులు, 27 గ్రాముల పీచు ఉంటాయి. ఆ కొవ్వులో సగానికి పైగా ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం. ఒమేగా-3 కొవ్వుల్లో ఇది ఒక రకం. మన శరీరం దీన్ని సొంతంగా తయారు చేసుకోలేదు, తిండినుంచే రావాలి. పది గ్రాముల అవిసె పొడిలో ఇది రెండు గ్రాములకు పైగా ఉంటుంది. పెద్దవాళ్లకు ఒక రోజుకు అది చాలు.

పీచు మలబద్ధకాన్ని తగ్గిస్తుంది. గింజలను నీళ్లలో నానబెడితే వచ్చే జిగురు కూడా పీచులో భాగమే. క్రమం తప్పకుండా తింటే రక్తంలో చెడు కొలెస్ట్రాల్, రక్తపోటు కొంత తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. కొంత అనే మాట ముఖ్యం. గుండె మందులు వాడేవాళ్లు వాటిని మానేసి అవిసె తింటే ప్రమాదం.

ఇంకో రెండు విషయాలు ఉపాధ్యాయులు తప్పక చెప్పాలి. చేపలో ఉండే ఒమేగా-3, అవిసెలో ఉండే ఒమేగా-3 ఒకటి కాదు. అవిసెది మన శరీరంలో చేప రకంగా మారేది చాలా తక్కువ. వాగులో దొరికే చిన్న చేపలను చిన్నచూపు చూసి ప్యాకెట్ల వెంట పడనక్కర్లేదు. రెండోది రక్తహీనత. మన ఆడపిల్లల్లో ఇది పెద్ద సమస్య. వయసొచ్చిన స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. పది గ్రాముల అవిసెలో ఉండేది సుమారు అర మిల్లీగ్రాము. కాబట్టి అంగన్‌వాడీలో, బడిలో ఇచ్చే ఇనుము మాత్రలకు అవిసె బదులు కాదు. సికిల్ సెల్ జబ్బును ఈ గింజ నయం చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకూడదు. దానికి రక్తపరీక్ష, వైద్యుడి మందు ఉండాలి. క్యాన్సర్, షుగర్ నయమవుతాయని చెప్పి అమ్మేవాళ్ల మాటా అంతే.

వంటింట్లో, వాకిట్లో

అవిసెను గింజగా మింగితే పైపొర గట్టిగా ఉండటంవల్ల చాలావరకు అరగకుండానే బయటికి పోతుంది. దంచి తినాలి. మన పాత అవిసె కారం ఇందుకు సరైన పద్ధతి. గింజలను సన్నని మంటమీద చిటపటలాడే దాకా వేయించాలి. ఎండుమిరపకాయలు, జీలకర్ర విడిగా వేయించి, వెల్లుల్లి, కొంచెం చింతపండు, ఉప్పు కలిపి రోట్లో దంచాలి. జొన్న రొట్టెలోకి, గట్కలోకి, వేడి అన్నంలోకి బాగుంటుంది. వంకాయ, చిక్కుడు కూరల్లో చివర ఒక చెంచా చల్లితే కూర చిక్కబడుతుంది. బెల్లంతో కలిపి ఉండలు కట్టవచ్చు.

పొడి ఎక్కువ రోజులు నిల్వ ఉండదు. గాలి తగిలితే ఆరిపోయే నూనె కాబట్టి, పొడి చేశాక తొందరగా కంపు పట్టి చేదెక్కుతుంది. వారానికి, పది రోజులకు సరిపడా దంచుకుని మూత గట్టిగా ఉన్న సీసాలో పెట్టాలి. గింజగా ఉంటే నెలల తరబడి బాగుంటుంది. అవిసె నూనెను కూరలు వేయించడానికి వాడకూడదు, వేడికి చెడిపోతుంది. రంగుల దుకాణంలో అమ్మే అవిసె నూనెలో రసాయనాలు కలుపుతారు. దాన్ని పొరపాటున కూడా తినకూడదు.

రోజుకు ఒకటి, రెండు చెంచాల పొడి చాలు. తిన్నప్పుడు నీళ్లు బాగా తాగాలి, లేకపోతే పీచు కడుపులో గట్టిపడి ఇబ్బంది పెడుతుంది. పచ్చి గింజల్లో సయనైడ్ పుట్టించే పదార్థాలు కొద్దిగా ఉంటాయి. చెంచాడు పొడితో ప్రమాదం లేదు, కానీ పిడికిళ్లకొద్దీ పచ్చి గింజ తినకూడదు. వేయించడంవల్ల అవి తగ్గుతాయి. గర్భిణులు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు వైద్యుడిని అడిగి తినాలి.

తిండికి బయట కూడా ఉపయోగాలున్నాయి. దంచిన గింజలను వేడినీళ్లలో ఉడికించి, గుడ్డలో పెట్టి గోరువెచ్చగా సెగగడ్డలకు కట్టు కట్టడం పాత వైద్యం. కాలిన గాయాలకు సున్నపు తేటలో ఈ నూనె కలిపి రాయడం కూడా ఒకప్పుడు ఉండేది. ఇప్పుడు అలా చేయకూడదు. కాలినచోట చల్లని నీళ్లు ధారగా పోసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నాగలి మేడికి, గొడ్డలి కామకు, కొయ్య సామానుకు అవిసె నూనె పూస్తే చెమ్మకు పాడవకుండా ఉంటాయి. నూనె తుడిచిన గుడ్డలను మాత్రం కుప్పగా పడేయకూడదు. నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతటవే అంటుకుంటాయి. నీళ్లలో తడిపి, పరిచి ఆరబెట్టాలి.

ఇప్పుడు చేయవలసింది

నూటయాభై ఏళ్ల కింద మన ప్రాంతాల రైతుకు తన గింజతో ఎవరేం చేస్తున్నారో తెలియలేదు. అందుకే అవతలివాడు చెప్పిన ధరకు అమ్మాడు. ఇప్పుడు అవే చేతులు అవతలివాడు చెప్పిన ధరకు కొంటున్నాయి. ఈ రెండు కాలాల్లోనూ లోటు ఒకటే. గింజ గురించిన తెలివి గింజ పండించేవాడి దగ్గర నిలవలేదు.

దీన్ని మార్చడానికి పెద్ద పథకాలేవీ అక్కర్లేదు. ఎక్కడ నల్లరేగడి ఉందో అక్కడ, యాసంగిలో సెనగ చేను గట్టున రెండు సాళ్లు అవిసె వేయవచ్చు. ఇంటి అవసరానికి పోగా మిగిలితే స్వయం సహాయక సంఘం అక్కచెల్లెళ్లు కారం పొడిగా చేసి సంతలో అమ్మవచ్చు. గింజగా అమ్మితే వచ్చేదానికన్నా పొడిగా అమ్మితే ఎక్కువ వస్తుంది.

ఉపాధ్యాయ మిత్రులు ఐదో తరగతి పిల్లల చేత ఒక పని చేయించాలి. ప్రతి పిల్లవాడూ ఇంటికెళ్లి అవ్వను, తాతను అడగాలి. అవిసెను గోండీలో, కోలామీలో, కువిలో, కోయలో ఏమంటారు? ఎవరి చేలో వేసేవాళ్లు? ఏ పండుగకు ఏం వండేవాళ్లు? ఎప్పుడు మానేశారు, ఎందుకు మానేశారు? ఆ జవాబులను వాళ్ల భాషలోనే, తెలుగు లిపిలో ఒక నోటుపుస్తకంలో రాయించాలి. చెప్పినవాళ్ల ఊరు, వయసు, తేదీ పక్కన రాయాలి. ఏడాదికి ఒక గింజ చొప్పున అవిసె, వలిసె, సామ, కొర్ర, ఇప్ప అంటూ పోతే, బడి వదిలే లోపు ఆ పిల్లల చేతుల్లో వాళ్ల ఊరి పంటల పుస్తకం తయారవుతుంది. ఈ యాసంగి నుంచే మొదలుపెట్టవచ్చు, అవిసె చల్లే అదను అక్టోబరులో వస్తుంది.